ఇంటి పైకప్పుకు తగిన ఉష్ణబంధకం ఏది?

వేసవిలో పట్టణాలలో మేడమీది గదులలో నివసించే వారందరికీ ఒక అనుభవం ఉన్నది. మధ్యాహ్నం రెండు గంటలకు ఎండ నిప్పులు చెరుగుతున్నప్పటి కంటె, పొద్దు గూకిన తరువాత ఏడెనిమిది గంటల వేళ ఆ గదిలో కూర్చోవడం దుర్భరంగా ఉంటుంది. బయట గాలి చల్లబడుతుంది. వీధి అరుగులమీద జనం సేదదీరుతూ ఉంటారు. గదిలో మాత్రం పైకప్పు నుండి సెగ దిగుతూనే ఉంటుంది. పంకా వేస్తే వేడిగాలియే మీద పడుతుంది. సరిగా ఆ మాసాలలోనే మన విద్యార్థులకు వార్షిక పరీక్షలు. మార్కులు తగ్గిన ప్రతి విద్యార్థికీ పైకప్పే కారణమని నేను వాదించబోవడం లేదు గాని, రేకుల కప్పు కింద పుస్తకం పట్టుకొని కూర్చున్నవాని కష్టం అనుభవించిన వారికే తెలుస్తుంది.

ఇది కేవలం అసౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. 2015 మే మాసంలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేయి మందికి పైగా మరణించారు. ఎండలో తిరుగవద్దని వృద్ధులకు, రోగులకు, పసిపిల్లలకు మనం హితవు చెబుతాం. వారు ఇంటిపట్టునే ఉంటారు. ఆ ఇల్లే కొలిమి ఐతే వారు ఎక్కడికి పోవాలి? కావున ఇంటి పైకప్పు గుండా దిగే వేడిని ఎట్లా అరికట్టాలి, అందుకు ఏ పదార్థాన్ని ఎంచుకోవాలి అన్న ప్రశ్న ప్రతి గృహస్థుకూ అవసరమైనదే. మన పాఠ్యపుస్తకాలలోని భౌతికశాస్త్రమే దీనికి చక్కని సమాధానం చెబుతుంది.

ఉష్ణబంధకం అనగానేమి?

వేడిమి ఎల్లప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత గల చోటి నుండి తక్కువ ఉష్ణోగ్రత గల చోటికి ప్రవహిస్తుంది. ఈ ప్రయాణానికి మూడు మార్గాలు ఉన్నవి. పొయ్యిమీది గిన్నెలో ఉంచిన ఇనుప గరిట పిడి కాలడం ఉష్ణవహనం. ఎసటిలో అడుగు నీరు వేడెక్కి పైకి లేచి, పైనీరు కిందికి దిగడం ఉష్ణసంవహనం. పొయ్యికి ఎదురుగా కూర్చున్నవాని ముఖానికి, మధ్యలో గాలి వేడెక్కకపోయినా, సెగ తగలడం ఉష్ణవికిరణం. ఈ మూడు మార్గాలలో ఏదో ఒక దానిని మందగింపజేసే పదార్థమే ఉష్ణబంధకం.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ఉష్ణబంధకం చల్లదనాన్ని పుట్టించదు. చలికాలంలో మనం కంబళి కప్పుకొంటే వెచ్చగా ఉంటుంది. అదే కంబళిని ఐసుగడ్డకు చుట్టితే అది తొందరగా కరగదు. కంబళికి వెచ్చదనమూ లేదు, చల్లదనమూ లేదు. లోపలి వేడిని బయటికి, బయటి వేడిని లోపలికి పోనీయక జాగు చేయడమే దాని పని. ఐసు అమ్మేవారు గడ్డను రంపపుపొట్టులో దాచడంలోని రహస్యమూ ఇదే. కంబళిలో, రంపపుపొట్టులో, థర్మాకోల్‌లో అసలు పనిచేసేది వాటిలో చిక్కుకొని కదలలేక నిలిచిపోయిన గాలి. నిశ్చలమైన గాలి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.026 వాట్లు. థర్మాకోల్, గాజు ఉన్నిలకు ఇది 0.035 నుండి 0.04 వరకు ఉంటుంది. కాంక్రీటుకు ఇంచుమించు 1.5. అనగా రెండు అంగుళాల థర్మాకోల్ ఆపినంత వేడిని ఆపడానికి దాదాపు రెండు మీటర్ల మందం గల కాంక్రీటు కావాలి. అంత కప్పును మోయగల గోడలు ఏ ఇంటికీ ఉండవు.

చలిదేశాల అటక, మన మిద్దె

ఈ విషయంపై వచ్చిన ఆంగ్ల గ్రంథాలను తిరగవేస్తే, ఎక్కువ భాగం అటకను గురించి చెబుతాయి. అమెరికా, కెనడా వంటి దేశాలలో మంచు జారిపోవడానికి వీలుగా ఇంటికి ఏటవాలు కప్పు, దాని కింద ఖాళీ అటక ఉంటాయి. అక్కడ ముఖ్యమైన శత్రువు చలి. ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టి రగిలించిన వేడి పైకి లేచి అటక గుండా ఆకాశం పాలవుతుంది. కావున అటక నేలమీద దూలాల నడుమ గాజు ఉన్ని, రాతి ఉన్ని, లేదా పాత వార్తాపత్రికలను పొడిచేసి బోరాను లవణాలు కలిపిన గుజ్జును అడుగు మందం దాకా పరుస్తారు. ఆ దేశాలలో స్థిరపడిన మన బంధువులు ఇల్లు కొనే ముందు విచారించే విషయాలలో ఇదీ ఒకటి.

మన సమస్య దీనికి తలకిందులైనది. ఇక్కడ వేడి పై నుండి కిందికి దిగుతుంది. పైగా మన కప్పు మీద వేసవి మధ్యాహ్నం చదరపు మీటరుకు ఇంచుమించు 1,000 వాట్ల సూర్యరశ్మి పడుతుంది. కావున అక్కడి సలహాలను యథాతథంగా ఇక్కడ అనుసరించడం, శీతదేశపు కోటును మే నెలలో తొడుక్కోవడం వంటిదే.

ఐతే అక్కడి అనుభవం నుండి మనం నేర్చుకోదగిన పాఠం ఒకటి ఉన్నది. అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని లిబ్బి అనే ఊరి వద్ద గని నుండి తీసిన వెర్మిక్యులైట్ అనే ఖనిజాన్ని దశాబ్దాల పాటు ఇండ్ల అటకలలో నింపారు. వేడిని ఆపడంలో అది మంచిదే. కాని ఆ ఖనిజంలో ఆస్బెస్టాస్ పీచు కలిసి ఉన్నది. ఆ ధూళి పీల్చిన గని కార్మికులు, వారి కుటుంబాలవారు, ఊరివారు ఊపిరితిత్తుల వ్యాధుల పాలయ్యారు. 1990లో గని మూతపడింది. 2009లో అక్కడి ప్రభుత్వం ఆ ఊరిలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. ఒక పదార్థం ఎంత వేడిని ఆపుతుందో తెలుసుకుంటే చాలదు. అది మన తలపై ఏండ్ల తరబడి ఉండేది గనుక, దాని గుణదోషాలన్నీ విచారించాలి.

పూర్వుల పైకప్పులు

మన పెద్దలకు ఉష్ణవాహకత లెక్కలు తెలియవు గాని, ఫలితం తెలుసు. కోస్తా గ్రామాలలోని తాటాకు పాకలో, రెల్లుగడ్డి ఇంటిలో ఆకుల పొరల నడుమ గాలి నిలిచి వేడిని ఆపేది. గూనపెంకుల ఇండ్లలో చెక్క అటక ఉండేది. చింతపండు జాడీలకు, వాడని గంగాళాలకు అది నిలయమే ఐనా, కప్పుకూ గదికీ మధ్య గాలిపొరగా కూడ అది పనిచేసేది. రాయలసీమలో, తెలంగాణలో దూలాలు, దంతెలు పరచి పైన చవుడుమట్టి దట్టంగా వేసిన మిద్దెలు పగటి వేడిని గదిలోకి దిగనిచ్చేవి కావు. పట్టణాలలో సంపన్నుల ఇండ్లకు డంగుసున్నంతో గచ్చు చేసేవారు. గచ్చు అనే ఈ మాట పారసీకం నుండి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చి స్థిరపడినదే. పండుగలకు ముందు ఇంటికి వెల్ల వేయించడం అన్ని మతాలవారికీ ఉన్న ఆచారం. అది శుభ్రతకు మాత్రమే కాదు, ఎండను తిప్పికొట్టడానికీ పనికివచ్చేది.

తరువాత కాంక్రీటు శ్లాబు వచ్చింది. పేదవారికి రేకులు వచ్చాయి. నిప్పు భయం, చెదల భయం, ఏటేటా నేత నేయించే ఖర్చు తగ్గినవి. ఇది గొప్ప మేలే. కాని కప్పు పలుచనై వేడి లోపలికి దిగింది. పాత కప్పులను వదిలినప్పుడు వాటిలోని గాలిపొరను, తెల్లదనాన్ని కూడ వదిలివేశాం. ఇప్పుడు మనం చేయవలసినది వాటిని కొత్త కప్పులకు తిరిగి సమకూర్చడమే.

ఒక చిన్న లెక్క

విద్యార్థులు స్వయంగా సరిచూసుకోదగిన లెక్క ఒకటి ఇస్తున్నాను. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల గది. వైశాల్యం సుమారు 11 చదరపు మీటర్లు. కప్పు నాలుగు అంగుళాల కాంక్రీటు శ్లాబు. దాని ఉష్ణనిరోధం సుమారు 0.067. శ్లాబు అడుగున ఉండే పలుచని గాలిపొర నిరోధం 0.17. గదిలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు అనుకుందాం.

నల్లబడిన శ్లాబు పై ముఖం మధ్యాహ్నం 60 డిగ్రీలకు చేరిందనుకుంటే, ఆ గదిలోకి దిగే వేడి దాదాపు 1,200 వాట్లు. మండువేసవిలో గదిలో ఒక ఎలక్ట్రిక్ హీటరును వెలిగించి పెట్టుకున్నట్లే. ఇప్పుడు కప్పుకు తెల్లసున్నం వేసి పై ముఖం ఉష్ణోగ్రతను 45 డిగ్రీలకు దించితే, దిగే వేడి సుమారు 470 వాట్లు. సున్నం వేయక, ఒక అంగుళం థర్మాకోల్ వంటి పదార్థాన్ని మాత్రమే పరిస్తే 300 వాట్లు. రెండూ చేస్తే 120 వాట్లు. శ్లాబు వేడిని నిలువ చేసుకొని ఆలస్యంగా వదలడాన్ని ఈ లెక్కలో చేర్చలేదు గనుక ఇవి స్థూలమైన అంకెలు. అసలు, సాయంత్రం గది ఉడికిపోవడానికి కారణం ఆ ఆలస్యమే. మధ్యాహ్నం పడిన ఎండ శ్లాబు లోపలి ముఖానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. చేరిన తరువాత రాత్రి పొద్దుపోయే వరకు దిగుతూనే ఉంటుంది. ఐనప్పటికీ పోలికకు ఈ అంకెలు చాలును.

వీటివలన తేలేదేమి? ఖరీదైన బంధకం కొనే ముందు చవకైన తెల్లదనాన్ని వాడుకోవాలి. ఇంట్లోకి వచ్చిన వేడిని తరిమివేయడం కంటె, ఇంటిపై పడిన ఎండను అక్కడి నుండే తిప్పి పంపడం సులభం.

మొదటి మెట్టు: తెల్లని కప్పు

పాతబడిన కాంక్రీటు తనపై పడిన ఎండలో మూడింట రెండు వంతులకు పైగా శోషిస్తుంది. కొత్తగా వేసిన తెల్లసున్నం అందులో ఎక్కువ భాగాన్ని పరావర్తనం చేస్తుంది. తెలుపులో మరొక సుగుణం ఉన్నది. పగలు ఎండను తిప్పికొట్టే ఆ ముఖమే రాత్రి తనలోని వేడిని ఆకాశంలోకి ధారాళంగా వికిరణం చేస్తుంది. మెరిసే లోహపు రేకుకు ఈ గుణం లేదు. అది ఎండను కొంత తిప్పికొట్టినా, వేడెక్కిన తరువాత ఆ వేడిని తొందరగా వదలదు. ఎండలో నిలిపిన ఇత్తడి బిందెను ముట్టుకున్న వారికి ఇది తెలుసు.

సున్నంలో గంజి గాని, తగిన జిగురు గాని కలిపితే తొందరగా రాలిపోదు. దుమ్ము పట్టినకొద్దీ, వానకు కడిగిపోయినకొద్దీ దీని శక్తి తగ్గుతుంది గనుక ఏటా వేసవికి ముందు, ఫాల్గుణ మాసంలో, కప్పును ఊడ్చి కొత్తగా వేయాలి. ఖర్చు భరించగలవారు ఇందుకై తయారుచేసిన తెల్లరంగును, లేదా తెల్లని పెంకు ముక్కలను వాడవచ్చు. అవి ఎక్కువ కాలం మన్నుతాయి.

రెండవ మెట్టు: బంధకాన్ని ఎంచుకోవడం

కాంక్రీటు శ్లాబుకు బంధకాన్ని అడుగున కంటె పైన పరచడం మేలు. పైన పరిస్తే శ్లాబే ఎండ బారి నుండి తప్పించుకుంటుంది. పగలు వ్యాకోచించి రాత్రి సంకోచించడం తగ్గి, పగుళ్ళు, వానకు కారడం కూడ తగ్గుతాయి. ఇందుకు గట్టి థర్మాకోల్ పలకలు, అంతకంటె నీటిని తక్కువ పీల్చే ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్ పలకలు, పాలీయురేథేన్ నురుగు వాడుకలో ఉన్నవి. వీటిలో పాలీయురేథేన్ ఉష్ణవాహకత మిగతా వాటికంటె తక్కువ, ధర ఎక్కువ. వీటిపై నీరు దిగని పొర, దానిపై పెంకులు లేదా పలుచని కాంక్రీటు వేయాలి. ఖర్చు పెట్టలేని వారికి పూర్వపద్ధతి ఉన్నది. మట్టికుండలను బోర్లించి వరుసగా పేర్చి, వాటి సందులను సున్నపు కాంక్రీటుతో నింపి పైన చదును చేయడం. కుండలోని గాలియే బంధకం. ఐతే ఆ బరువును శ్లాబు మోయగలదో లేదో ముందుగా తెలిసినవారిచే చూపించుకోవాలి.

కేంద్రప్రభుత్వం 2018లో వెలువరించిన ఎకో నివాస్ సంహిత ప్రకారం నివాసగృహాల కప్పు గుండా ప్రవహించే వేడి చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లకు మించరాదు. వట్టి నాలుగంగుళాల శ్లాబుకు ఇది 3.6 వాట్లు. ఒక అంగుళం థర్మాకోల్ చేరిస్తే 1.2కు లోపలికే వస్తుంది. రెండు అంగుళాలు చేరిస్తే 0.6 అవుతుంది. మొదటి అంగుళం ఇచ్చినంత ఫలితాన్ని రెండవది ఇవ్వదనీ, మూడవది ఇంకా తక్కువ ఇస్తుందనీ గమనించాలి. వర్తకుడు చెప్పినంత మందం కొనవలసిన పనిలేదు.

రేకుల ఇంటి సంగతి వేరు. రేకు పలుచన గనుక ఎండ పడిన కొద్దిసేపటికే లోపలి ముఖం కాలిపోతుంది. అక్కడ నుండి కిందికి వేడి ఎట్లా వస్తుంది? వేడిగాలి తేలికైనది గనుక కప్పు కిందనే నిలిచిపోతుంది, అది కిందికి దిగదు. కావున ఎక్కువ భాగం వికిరణం ద్వారానే మన తలపై పడుతుంది. పంకా గాలిని కదపగలదు గాని వికిరణాన్ని ఆపలేదు. అందుకే రేకుల కింద పంకా తిరుగుతున్నా మాడు వేడెక్కుతుంది. దీనికి తగిన మందు, రేకుపైన తెల్లరంగు, రేకు కింద కొంత జాగా వదలి ఒక అడ్డుకప్పు. ఆ అడ్డుకప్పు వెదురు తడిక కావచ్చు, చాప కావచ్చు. అల్యూమినియం పొర గల గుడ్డ ఐతే మరీ మంచిది. మెరిసే ముఖాన్ని గదివైపుకు, కిందికి ఉంచాలి. పైకి ఉంచితే దుమ్ము పేరుకొని కొన్నాళ్ళకే దాని గుణం పోతుంది. అడ్డుకప్పుకూ రేకుకూ నడుమ చేరిన వేడిగాలి పోవడానికి రెండు చివరలా ఖాళీ ఉంచాలి.

జాగ్రత్తలు

బంధకం తడిస్తే దాని లోపలి గాలి స్థానంలో నీరు చేరుతుంది. నీటి ఉష్ణవాహకత గాలికంటె ఇరవై రెట్లు ఎక్కువ. తడిసిన గాజు ఉన్ని, మట్టి ఒకటే. కావున కప్పు కారుతుంటే ముందు దానిని బాగుచేయించి ఆ తరువాతనే బంధకం మాట తలపెట్టాలి.

థర్మాకోల్, పాలీయురేథేన్ నిప్పంటుకుంటాయి. వాటి పొగ విషపూరితమైనది. చవకగా దొరికింది కదా అని థర్మాకోల్ పలకలను గది లోపల, విద్యుత్ తీగలు పోయే చోట, వంటింటి పొయ్యి పైన విడిగా అతికించడం ప్రాణాలతో చెలగాటం. లోపలివైపు వాడక తప్పనప్పుడు నిప్పంటని రాతి ఉన్నిని వాడి, దానిపై జిప్సం పలకను మూయాలి. ఇక ఆస్బెస్టాస్ పీచు కలిసిన సిమెంటు రేకులకు రంధ్రాలు చేయడం, వాటిని కోయడం, పొడిగా రుద్దడం చేయరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు. వాటిని కదపకుండా రంగు మాత్రమే వేసుకోవాలి.

చివరిది వాయుప్రసారం. బంధకం రెండువైపులా కాపలాదారే. పగలు వేడిని రానీయదు, రాత్రి పోనీయదు. వంట వలన, మనుషుల వలన, దీపాల వలన గదిలో పుట్టిన వేడి బయటికి పోవాలంటే సాయంత్రం బయటిగాలి చల్లబడగానే ఎదురెదురు కిటికీలు తెరవాలి. మధ్యాహ్నం వడగాలి వేళ మూసి ఉంచాలి.

మన కర్తవ్యం

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర ఇటువంటి కప్పులు ఏర్పడాలన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, పెద్ద స్థలాలలో కట్టే ఇండ్లకు అది నియమాలు విధించింది. కాని చిన్న రేకుల ఇంటివాని వద్దకు ఏ నియమమూ నడిచి రాదు. అద్దె ఇంటివానిది మరొక చిక్కు. కప్పు యజమానిది, వేడి అద్దెదారునిది. బాగుచేయించే హక్కు ఒకరిది, అవసరం మరొకరిది. ఇటువంటి ఇండ్లలో ఒక బస్తా సున్నం, నలుగురు విద్యార్థుల ఒక ఆదివారపు శ్రమ ఎంత మేలు చేయగలవో ఆలోచించండి. సామాజిక సేవ పేరిట మనం చేసే పనులలో దీనికి కూడ చోటు ఇవ్వవచ్చు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. తరగతి గదులకు కూలర్లు కొనే ఆలోచన వచ్చినప్పుడు, అంతకు ముందు ఒక పరీక్ష జరిపించండి. పై అంతస్తులో పక్కపక్కన ఉన్న రెండు గదులలో ఒకదాని కప్పుకు మాత్రమే మార్చి నెలలో సున్నం వేయించండి. రెండు గదులలోనూ కప్పుకు అడుగు దూరాన ఒక ఉష్ణమాపకం, విద్యార్థి తల ఎత్తున మరొకటి వేలాడదీయించండి. భౌతికశాస్త్ర విద్యార్థులు ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం మూడింటికి, సాయంత్రం ఏడింటికి అంకెలు రాసి ఉంచుతారు. మే మాసాంతానికి ఆ పట్టికలు సిద్ధమవుతాయి. వాటిని వచ్చే సంవత్సరపు సంచికలో ఉర్దూ, తెలుగు విభాగాలు రెండింటిలోనూ ప్రచురించవచ్చు. ఏ గదిలో ఎన్ని డిగ్రీలు తగ్గినవో చూసి, మిగతా కప్పుల విషయం కమిటీవారు నిర్ణయించగలరు.